కొట్టకండి, ఊదేయండి

నీటి అంచున బతికే ఓ చిన్న పెంకు పురుగు. కుట్టదు, కరవదు. నలిపితే మాత్రం వారం పది రోజులు గుర్తుండిపోతుంది. బాబుపేట్ దీపాల కింద దాన్ని గుర్తుపట్టడం ఎలా?

వానలు పడ్డ కొద్ది రోజులకే చంద్రపూర్‌లోని బాబుపేట్‌లో రాత్రి భోజనాల వేళ ట్యూబులైటు చుట్టూ జాతర మొదలవుతుంది. ముందు ఉసిళ్లు వస్తాయి. వాటి వెనకే పచ్చదోమ, పేడపురుగులు, పేరు తెలియని రెక్కల పురుగులు. గోడ మీది బల్లికి ఆ నెలన్నరా పండగే. ఈ గుంపులో ఒకటి మాత్రం దీపం దాకా వచ్చి, ఎగరడం మానేసి గోడ మీదా, దుప్పటి మీదా, పిల్లల నోటుపుస్తకాల మీదా పరుగులు పెడుతుంది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎర్రటి ఒళ్లు, నల్లటి తల, నల్లటి తోక. వేలు దగ్గరికి తెస్తే తోక పైకెత్తుతుంది. చాలామంది దాన్ని చీమే అనుకుంటారు. మెడ మీద పాకితే చెయ్యి దానంతటదే లేచి ఫట్‌మని కొడుతుంది.

అసలు గొడవంతా ఆ దెబ్బతోనే. కానీ ఆ రాత్రి ఏమీ తెలియదు. మర్నాడో, ఆ మర్నాడో వాకిట్లో ఇలాంటి మాటలు వినిపిస్తాయి.

"మెడ మీద ఏందక్కా, వాత పెట్టినట్టున్నది?"

"ఏదో పురుగు పారినట్టుంది చెల్లె. నిన్న ఏం లేకుండె. ఇయ్యాల పొద్దుగాల్నుంచి సుర్రుమంటున్నది."

"సాలీడు పోసినట్టున్నది. ఎర్రమన్ను రాయి, తగ్గుతది."

పక్కింటి హిందీ ఆవిడని అడిగినా సాలీడు మీదే నేరం మోపుతుంది. బొగ్గు గనులు, రైల్వే, బల్లార్‌పూర్ కాగితం మిల్లు పిలిస్తే తలో దిక్కు నుంచీ వచ్చి స్థిరపడ్డ జనం ఉన్న ఊరిది. తెలుగు, మరాఠీ, హిందీ ఒకే కుళాయి దగ్గర కలుస్తాయి. మిగతా విషయాల్లో ఎన్ని తగాదాలున్నా, ఈ బొబ్బల దగ్గర మాత్రం అందరిదీ ఒకటే తీర్పు. ఆ తీర్పు తప్పు. సాలీడుకి దీనితో ఏ సంబంధమూ లేదు. పైగా ఈ పురుగంటే సాలీడుకే పడదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నీళ్లు ఎటు పోతాయో

చంద్రపూర్ రెండు చిన్న నదుల మధ్య ఊరు. పడమటి వైపు ఇరై, తూర్పు వైపు ఝర్‌పట్. గోండు రాజుల కోటగోడను చుట్టి వచ్చి ఊరికి దక్షిణాన రెండూ కలుస్తాయి. ఆ దక్షిణపు దిక్కునే బాబుపేట్. ఇరై వెళ్లి వార్ధాలో పడుతుంది. వార్ధా వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. వార్ధా అవతలి గట్టున ఉన్న రాజూరా ఒకప్పుడు నిజాం రాజ్యంలో, ఆదిలాబాద్ జిల్లాలో భాగం. అంటే బాబుపేట్ మోరీ నీళ్లకీ, కాళేశ్వరం దిగువన గోదావరి గట్టు మీది వరి మడికీ చుట్టరికం ఉంది. ఈ దారి పొడుగునా నీరు, మట్టి కలిసే చోటల్లా మన పురుగుకి కాపురం దొరుకుతుంది.

మే నెలలో ఇక్కడ ఎండ 46, 47 డిగ్రీలకి ఎక్కుతుంది. దేశంలోకెల్లా వేడి ఊరుగా చంద్రపూర్ పేరు పేపర్లలో తరచూ చూస్తూనే ఉంటాం. ఆ ఎండలో నేల పైపొర పెంకులా ఎండిపోతుంది. వానలు రాగానే ఒక్కసారిగా అంతా మారిపోతుంది. వాగు అంచున బురద, గడ్డి మొదళ్లు, గుర్రపుడెక్క కుళ్లిన చోటు, ఇళ్ల వెనక నిలిచిన నీటి గుంటలు. ఈ తడి అంచుల్లోనే మన పురుగు గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది. వేడీ తడీ రెండూ సమకూరితే నెల తిరక్కుండానే గుడ్డు పురుగై రెక్కలు కట్టుకుంటుంది. చుట్టూ చూస్తే రాత్రంతా ఆరని దీపాలు. గనుల దగ్గర ఫ్లడ్‌లైట్లు, రైలు పట్టాల వెంట దీపాలు, వీధిలో ఎల్ఈడీలు, ఇంట్లో ట్యూబులైట్లు. నీటి పక్కన ఊరు, ఊరి నిండా వెలుతురు ఉన్నప్పుడు అది ఇంట్లోకి రావడంలో వింతేముంది?

ముందు ఇంటిపేరు

పురుగును గుర్తుపట్టడమంటే మొదట దాని కుటుంబాన్ని పట్టుకోవడం. దీనిది స్టెఫిలినిడే కుటుంబం, ఇంగ్లిష్‌లో రోవ్ బీటిల్స్ అంటారు. పెంకు పురుగుల్లో అతి పెద్ద కుటుంబాల్లో ఇదొకటి. ఇప్పటిదాకా పేరు పెట్టినవే 60 వేల జాతులు దాటాయి. పేరు పెట్టనివెన్నో ఎవరూ లెక్క తేల్చలేదు.

ఈ కుటుంబానికి ఒక్కటే పెద్ద గుర్తు, పొట్టి చొక్కా. మామూలు పెంకు పురుగుకి పైన గట్టి పెంకు రెక్కలు వీపంతా కప్పుతాయి. రోవ్ బీటిల్‌కి అవి భుజాల కిందే ఆగిపోతాయి. పొట్ట ఖండాలు ఐదారు బయటికే కనిపిస్తాయి. అందుకే అది చీమలా, ఒక్కోసారి పురుగులా కాక చిన్న జెర్రిలా అనిపిస్తుంది. ఇంత పొట్టి పెంకుల కింద ఎగిరే రెక్కలు ఎక్కడ పెట్టుకుంటుందన్నది న్యాయమైన ప్రశ్నే. మడతపెట్టి దాచుకుంటుంది. ఎడమ రెక్క ఒక తీరున, కుడి రెక్క ఇంకో తీరున మడుస్తుందని టోక్యోలో కజుయా సైతో బృందం వేగమైన కెమెరాలతో చూసి 2014లో ప్రచురించింది. ఆ మడతలు సర్దడానికి పొట్టను పైకి వంచి, తోకతో రెక్కలను లోపలికి తోస్తుంది. గోడ మీద దిగగానే తోక అటూ ఇటూ ఆడించేది చాలాసార్లు ఈ పని మీదే.

చీమ కాదని తేల్చుకోవడం కష్టం కాదు. చీమకి నడుము దారంలా సన్నబడుతుంది, మీసాలు మోచెయ్యిలా వంగి ఉంటాయి. మన పురుగుకి నడుము లేదు, మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి. తోక చివర పట్టకారు లాంటిది కనిపిస్తే అది ఇయర్‌విగ్, వేరే గణం.

ఇక ప్రజాతి. దుప్పటి మీద పరుగెత్తిన ఎర్రనల్లది పేడెరస్. తల నలుపు. మెడ తర్వాతి భాగం నారింజ ఎరుపు. ఆ తర్వాత పొట్టి పెంకు రెక్కలు, వెలుతురులో పక్కకి వంచి చూస్తే నీలంగానో ఆకుపచ్చగానో లోహంలా మెరుస్తాయి. ఆ కింద పొట్టలో నాలుగు ఖండాలు మళ్లీ నారింజ ఎరుపు. చివరి రెండూ నలుపు. నలుపు, ఎరుపు, నీలం, ఎరుపు, నలుపు. ఈ వరుస ఒకసారి మనసులో పడితే ఇక మర్చిపోరు. పొడవు 7 నుంచి 10 మిల్లీమీటర్లు. ఆసియా అంతటా ఎక్కువగా కనిపించేది పేడెరస్ ఫుసిపెస్, 1826లో జాన్ కర్టిస్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త పేరు పెట్టినది. ఇంగ్లండ్ నుంచి జపాన్ దాకా దాని సంచారమే.

తికమక పెట్టే పురుగు ఒకటుంది. వరి పొలాల్లో ఓఫియోనియా అనే నేల పెంకు పురుగు తిరుగుతుంటుంది. అదీ సన్నగానే, ఎర్రనల్లగానే, అదే హడావుడితో ఉంటుంది. కానీ దాని పెంకు రెక్కలు పొట్టను దాదాపు పూర్తిగా కప్పేస్తాయి. దాంతో బొబ్బల భయం లేదు. ఇంకో తికమక డాక్టర్ల మాటల్లో వస్తుంది. పూల మీద వాలే మైలాబ్రిస్, నల్లటి రెక్కల మీద నారింజ పట్టీలుండే లావుపాటి పురుగు, అది కూడా బొబ్బలు తెప్పిస్తుంది. దాని విషం కాంథరిడిన్, వేరే రసాయనం. రెంటినీ కలిపి బ్లిస్టర్ బీటిల్ అనేస్తుంటారు. చూడ్డానికి మాత్రం ఒకదానికొకటి ఏ పోలికా లేదు.

నీటి మీద జారేది

నీటి పక్కన దొరికిన ప్రతి రోవ్ బీటిలూ పేడెరస్ కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎందుకంటే ఒకసారి భయం పట్టుకున్నాక జనం పొట్టి రెక్కల పురుగు ఏది కనిపించినా చెప్పుతో కొట్టేస్తున్నారు.

వాగు అంచున, సరిగ్గా నీరూ బురదా కలిసే గీత మీద కాసేపు గొంతుక్కూర్చుని చూడండి. మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల నల్లటి పురుగొకటి కనిపించవచ్చు. మెరుపు లేని నలుపు. కొన్నిటికి ఒక్కో రెక్క మీద ఒక్కో పసుపు చుక్క. తలకి రెండు పక్కలా మొత్తం కళ్లే. ఆ కళ్లను బట్టే పోల్చుకోవచ్చు, అది స్టీనస్. ఒక్క ఈ ప్రజాతిలోనే 3 వేలకు పైగా జాతులున్నాయి.

స్టీనస్ వేట చూడాలంటే మన కళ్లు చాలవు. దాని కింది పెదవి ఒక కడ్డీలా ముందుకి దూసుకొస్తుంది. చివర జిగురు మెత్తలుంటాయి. బురద మీద గెంతే స్ప్రింగ్‌టెయిల్ అనే చిట్టి జీవిని ఆ జిగురుతో అంటించుకుని వెనక్కి లాగేస్తుంది. ఇదంతా సెకనులో కొన్ని వెయ్యో వంతుల్లో అయిపోతుంది.

అది నీటిలో పడితే చేసే పని ఇంకా గమ్మత్తు. పళ్లెంలో నీళ్లు పోసి కర్పూరం పలుకు వేస్తే అది గిర్రున పరుగెడుతుంది కదా, అదే సూత్రం. స్టీనస్ తోక చివరి గ్రంథుల నుంచి ఒక చుక్క రసాయనం నీటి మీద వదులుతుంది. వెనక వైపు నీటి తలతన్యత పడిపోతుంది, ముందు వైపు నీరు దాన్ని లాక్కుపోతుంది. కాలు కదపకుండా సెకనుకి అరమీటరు దాటి జారిపోతుంది. చేపకి చిక్కదు. ఆ రసాయనాన్ని హైడెల్‌బర్గ్‌లో హెర్మన్ షిల్డ్‌క్నెష్ట్ బృందం 1975లో గుర్తించి స్టీనుసిన్ అని పేరు పెట్టింది. మనిషి చర్మానికి దీనితో ప్రమాదం లేదు.

ఇసుక తిన్నె మీదో, గట్టి బురద మీదో సన్నటి మట్టి గుళికలు చిన్న కుప్పలుగా కనిపిస్తే ఆ కింద బ్లేడియస్ ఉండొచ్చు. బొరియలు తవ్వుకుని, మట్టి మీది నాచు తిని బతుకుతుంది. కాళ్లకి ముళ్లుంటాయి. పేడ కుప్పల దగ్గరా, కుళ్లిన ఆకుల దగ్గరా నిగనిగలాడే నల్లటిది కనిపిస్తే ఫిలోంథస్ అయ్యే అవకాశం ఎక్కువ. అది ఈగల పిల్లపురుగులను తింటుంది. ఇవేవీ మన జోలికి రావు.

నెత్తుట్లోని అద్దె ఇల్లు

పేడెరస్‌కి కొండి లేదు, కోర లేదు, పిచికారీ చేసే గొట్టం లేదు. దాని విషం పెడెరిన్. అది ఒంటి లోపలి ద్రవంలో, మనం నెత్తురు అనుకోదగ్గ దాంట్లో ఉంటుంది. పురుగు చర్మం మీద పాకినంత మాత్రాన ఏమీ కాదు. నలిపితేనే ఆ ద్రవం చర్మానికి అంటుతుంది. "నాగుపాము విషం కన్నా గొప్ప" అంటూ ఫోన్లలో తిరిగే సందేశాల్లో పస లేదు. పాము ఎక్కిస్తుంది, ఇది ఎక్కించదు. ఎక్కించలేని విషాన్ని పాము విషంతో తూచి ఏం లాభం?

పెడెరిన్‌ని 1953లో ఇటలీలో పావన్, బో అనే శాస్త్రవేత్తలు వేరుచేసి పేరు పెట్టారు. ఒక్కో పురుగులో అది ఉండేది అణుమాత్రం. అది ఏమిటో తేల్చడానికి పొలాల నుంచి పోగుచేసిన పేడెరస్‌లు రెండున్నర కోట్లు. ఈ అంకె చదివినప్పుడల్లా నాకు ఆ పురుగుల కన్నా వాటిని ఏరిన వాళ్ల చేతులే గుర్తొస్తాయి.

తర్వాత అసలు మలుపు వచ్చింది. జర్మనీలోని బైరాయిట్‌లో రూపర్ట్ కెల్నర్ గమనించిందేమిటంటే, అన్ని ఆడ పురుగులూ పెడెరిన్ తయారుచేయవు. కొన్ని చేస్తాయి, కొన్ని చేయలేవు. చేసేవాటి ఒంట్లో ఒక బాక్టీరియా కాపురం ఉంటుంది. 2002లో యోర్న్ పీల్ అనే శాస్త్రవేత్త ఆ తయారీకి కావలసిన జన్యువులను పట్టుకున్నాడు. అవి పురుగువి కావు, సూడోమోనాస్ తెగకి చెందిన ఆ బాక్టీరియావి. అంటే విషం అద్దెకున్న వాడిది, చెడ్డపేరు ఇంటి యజమానిది. ఇదే పోలికలున్న రసాయనాలు సముద్రపు స్పాంజ్‌లలోనూ దొరికాయి. కణ విభజనను ఆపే గుణం వీటికి ఉంది కాబట్టి క్యాన్సర్ పరిశోధకులు ఇప్పటికీ ఈ రసాయనాల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

తల్లి ఆ విషాన్ని గుడ్లలోకి పంపుతుంది. దాంతో పుట్టిన పిల్లపురుగులను తోడేలు సాలీళ్లు పట్టుకుని, రుచి చూసి వదిలేస్తాయని కెల్నర్, ఆయన సహచరుడు డెట్నర్ చేసిన ప్రయోగాల్లో తేలింది. విషం లేని తల్లి పిల్లలను మాత్రం తినేశాయి. నీటి అంచున ఈ పిల్లపురుగులకి పెద్ద శత్రువు సాలీడే, ఈ విషం గురి దాని మీదే. బాబుపేట్‌లో మనం ముద్దాయిని చేసిన సాలీడు, నిజానికి బాధితుల జాబితాలో ఉండాల్సింది.

రెండో రోజు మంట

కొందరు దీన్ని యాసిడ్ పురుగు అంటారు. యాసిడ్ అయితే పడగానే కాలుతుంది. పెడెరిన్ అలా కాదు. అది చర్మకణాల్లో ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది. కణం మెల్లగా చస్తుంది. అందుకే 12 గంటల నుంచి రెండు రోజుల దాకా ఏమీ కనబడదు. ఆ తర్వాత ఎర్రటి చార, మంట, చారలోనే చిన్న చిన్న నీటి పొక్కులు, చీము పొక్కులు. వారం పది రోజుల్లో ఎండి పొట్టు లేస్తుంది. నల్లటి మచ్చ కొన్ని వారాలు ఉంటుంది. కొట్టిన రాత్రిని అప్పటికి మనం మర్చిపోయి ఉంటాం, అందుకే పురుగు మీదికి అనుమానం పోదు.

చార పొడుగ్గా, గీత గీసినట్టు ఉండటమే ప్రధాన గుర్తు. వేలితో తుడిచిన దారి అది. మోచేతి మడతలో నలిగితే ఇంకా స్పష్టం. చెయ్యి ముడిచినప్పుడు ఎదుటి చర్మానికీ అంటి, అద్దంలో చూసినట్టు రెండు పక్కలా ఒకే ఆకారం పడుతుంది. చాలామంది దీన్ని అక్కి అనుకుని, కుమ్మరి చేత ఎర్రమన్ను రాయించుకుంటారు. అక్కి, అదే సర్పి, ఒంటికి ఒక పక్కనే, నరం దారి వెంట పట్టీలా వస్తుంది. పొక్కులు రాకముందే నొప్పి మొదలవుతుంది. దీనికి ఆ లెక్క లేదు. మెడ, ముఖం, చేతులు, బట్ట కప్పని చోటల్లా రావచ్చు. ఎర్రమన్ను రాసిన తర్వాత తగ్గిందంటే, రాయకపోయినా తగ్గేదే. కానీ పుండు మీద మట్టి పెడితే చీము పట్టే ప్రమాదం ఉంది.

ఒక విచిత్రం చూడండి. నలిపిన అరచేతికి సాధారణంగా ఏమీ కాదు, అక్కడ చర్మం మందం. అదే చేత్తో కళ్లు నులుముకుంటే తెల్లారేసరికి రెప్పలు ఉబ్బి మూసుకుపోతాయి. తూర్పు ఆఫ్రికాలో దీన్ని నైరోబీ కన్ను అంటారు.

కాబట్టి మెడ మీద ఏదైనా పాకుతున్నట్టు అనిపిస్తే కొట్టకండి. ఊదేయండి. లేదా కాగితం అంచు అడ్డం పెట్టి ఎక్కించుకుని బయట దులపండి. పొరపాటున నలిగిందా, వెంటనే సబ్బూ నీళ్లతో ఆ చోటు, చేతులు రెండూ బాగా కడగండి. ఆ తువ్వాలు, దిండుగలీబు ఉతకండి. పొక్కులు వస్తే చల్లటి తడిగుడ్డ వేసి, చర్మం డాక్టరుకి చూపించాలి, ఆయన స్టెరాయిడ్ పూతమందు రాస్తారు. కంట్లో పడితే ఆలస్యం చేయకూడదు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రోగం కాదు, పిల్లాణ్ణి బడి మాన్పించనక్కర్లేదు. మంచాన్ని దీపం కింద నుంచి జరపడం, దోమతెర కట్టడం, వాన రాత్రుళ్లు కిటికీ పక్క లైటు ఆర్పడం, ఈ మూడు పనులకీ పెద్ద ఖర్చు లేదు.

వచ్చింది ఆఫ్రికా నుంచి కాదు

2022 జులైలో సిక్కింలోని ఓ ఇంజనీరింగ్ కాలేజీలో వంద మంది దాకా విద్యార్థులకి ఈ బొబ్బలు వచ్చాయి. వెంటనే దేశమంతా టీవీల్లో నైరోబీ ఫ్లై దాడి అని మోగిపోయింది. ఆఫ్రికా నుంచి ఏదో కొత్త ఈగ దిగుమతి అయిందని జనం నమ్మారు. అది ఈగ కాదు, దిగుమతీ కాదు. నైరోబీలో ఆ పేరు మోసే జాతులు వేరు. 1997 చివర్లో ఎల్ నినో వానలు తూర్పు ఆఫ్రికాను ముంచెత్తినప్పుడు అక్కడ అవి విపరీతంగా పెరిగాయి. మన దగ్గరివి ముందు నుంచీ మన మళ్లలోనే ఉన్నాయి. సిక్కిం ఘటనకి చాలా ముందే, 2007లో, పశ్చిమ ఒడిశాలో ఇలాంటి 590 మంది రోగుల వివరాలను చర్మవైద్యులు ప్రచురించారు. క్రీ.శ. 739 నాటి చైనా వైద్య గ్రంథంలో వర్ణించిన ఒక ఎర్రనల్ల విషపు పురుగు కూడా పేడెరసే అయి ఉంటుందని హోవర్డ్ ఫ్రాంక్, కోజీ కనమిత్సు అనే పరిశోధకులు 1987లో వాదించారు. ఆస్ట్రేలియాలోనైతే ఒక ఆదివాసీ జనావాసాన్ని ఈ పురుగుల మూలంగా కొన్నాళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చింది.

ఇంత చెప్పాక, దాన్ని పూర్తిగా నిర్మూలించాలని ఎవరికైనా అనిపించవచ్చు. రైతుని అడిగి ఆ మాట అనండి. చంద్రపూర్ జిల్లా తూర్పు తాలూకాలు వరి నేలలు. మూల్, సిందేవాహీ, నాగ్‌భీడ్, బ్రహ్మపురి. తెలంగాణ ఇళ్లలో ఇష్టంగా వండుకునే హెచ్ఎంటీ సన్నబియ్యం పుట్టింది నాగ్‌భీడ్ తాలూకా నాందేడ్ గ్రామంలోనే. దాదాజీ ఖోబ్రాగడే అనే చిన్న రైతు తన మడిలో తేడాగా ఉన్న కంకులను ఏరి, ఏటికేడు విత్తి తయారుచేశాడు. 2018లో కన్నుమూశాడు. అలాంటి వరి మళ్లలో సుడిదోమనూ, పచ్చదోమనూ, ఇతర పురుగుల గుడ్లనూ తిని పెట్టే కాపలాదారు పేడెరస్. మోతాదు మించి మందు కొడితే దోమ కన్నా ముందు ఈ కాపలాదారు పోతుంది, ఆ తర్వాత దోమ రెట్టింపై తిరిగొస్తుంది. వరి పండించే వాళ్లకి ఇది కొత్త సంగతి కాదు.

మలేషియాలో వరి పొలాల పక్కన కట్టిన అపార్ట్‌మెంట్లలో పరిశోధకులు ఇంకోటి చూశారు. కోతలయ్యాక నేల ఎండితే పురుగులు లేచి దగ్గర్లోని దీపాల దారి పడతాయి. పొలం కోతకి, మేడ మీద బొబ్బలకి అలా లంకె పడింది. బాబుపేట్‌లో పొలాల కన్నా వాగు గట్లూ, బురద గుంటలే దగ్గర. వరద తీసి గట్లు ఆరడం మొదలైనప్పుడు కాస్త ఎక్కువ జాగ్రత్త పడితే మంచిది.

పూర్తి పేరు కావాలంటే

ఫోన్‌తో ఫొటో తీసి యాప్‌లో పెడితే రోవ్ బీటిల్ అని చెబుతుంది. రంగులు బాగా పడితే పేడెరస్ అనీ చెబుతుంది. ఇంట్లో వాళ్లకి అంతవరకు చాలు. ఆ తర్వాత ఫుసిపెస్సా, మెలాంపుసా, మరోటా అన్నది యాప్ ఎంత ధీమాగా చెప్పినా నమ్మకండి. మన దేశపు స్టెఫిలినిడేల మీద పెద్ద గ్రంథం రాసింది మాల్కం కామెరాన్ అనే బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు. ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా వరుసలో 1930 నుంచి 1939 దాకా ఆయన సంపుటాలు వెలువడ్డాయి. మొదటి సంపుటం వచ్చి తొంభై ఏళ్లు దాటినా ఈ పురుగుల మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ వాటి దగ్గరికే వెళ్లాల్సి వస్తోంది. ఒక దేశానికి ఇది గొప్పగా చెప్పుకోదగ్గ సంగతి కాదు.

ఈ కుటుంబంలో పేరు కోసం వేచి ఉండటం కొత్త కాదు. డార్విన్ 1832లో అర్జెంటీనాలోని బహియా బ్లాంకా దగ్గర ఒక రోవ్ బీటిల్‌ని పట్టాడు. అది లండన్ మ్యూజియం పెట్టెల్లో ఎక్కడో తప్పిపోయి, మళ్లీ దొరికి, 2014లో గానీ దానికి పేరు రాలేదు. స్టీలియానోస్ చాట్జిమనోలిస్ అనే పరిశోధకుడు దానికి డార్వినిలస్ సెడారిసి అని పెట్టాడు.

బడిలో జీవశాస్త్రం చెప్పే టీచరెవరైనా పిల్లలతో ఈ పని చేయించాలనుకుంటే వాన తగ్గిన రోజు సాయంత్రం మంచిది. చేత్తో ముట్టకూడదు. గాజు సీసా మూతి పురుగు ముందు పెట్టి, వెనక నుంచి మెత్తటి కుంచెతో తోయాలి. తెల్ల కాగితం మీద స్కేలు పక్కన పెట్టి, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీయాలి. మీసాలు, కళ్లు, పెంకు రెక్కలు ఎక్కడ ఆగాయో కనబడాలి. చీటీ మీద తేదీ, చోటు, నీటికి ఎంత దూరంలో దొరికింది, మట్టి మీదా, గడ్డిలోనా, దీపం కిందా అన్నది పెన్సిలుతో రాయాలి, పురుగుని భద్రపరిచే ఆల్కహాల్ తగిలితే సిరా చెరిగిపోతుంది. పేడెరస్ జాతులను కచ్చితంగా విడదీయడానికి నిపుణులు చూసేది చాలామటుకు మగ పురుగు జననాంగం ఆకారాన్నే, అదీ మైక్రోస్కోపు కింద. కాబట్టి కనీసం నాలుగైదు ఉండేలా చూసుకోవాలి. ఒక్కటే దొరికి, అదీ ఆడదైతే, చీటీ మీద పేడెరస్ అని రాసి ఆ పక్కన ఖాళీ వదిలేయడమే.